నీళ్ళు దిగివచ్చే కొండలకు

లెసోతో నీటి సొరంగాన్ని 2024 అక్టోబరు నుంచి ఆరు నెలల పాటు మరమ్మతుల కోసం మూసివేస్తున్నారని, నీళ్ళు పొదుపుగా వాడుకోవాలని జోహాన్నెస్‌బర్గ్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించారు. ఈ నగరంలో ఉద్యోగం చేస్తూ ఇన్నాళ్ళుగా ఆ నీళ్ళే తాగుతున్నా, అందులో కొంత భాగం పొరుగుదేశం లెసోతో కొండల నుంచి వస్తున్నదన్న సంగతి నేను అంతవరకు పట్టించుకోలేదు. తర్వాత పటం ముందు వేసుకుని చూస్తే ఆశ్చర్యమే వేసింది. కాత్సె దగ్గర 185 మీటర్ల ఎత్తున కట్టిన ఆనకట్ట వెనుక నిలిచిన నీరు కొండల కడుపులో తొలిచిన సొరంగాల గుండా ఉత్తరానికి వచ్చి, సరిహద్దు దాటి ఆష్ నదిలో పడి, వాగులూ నదులూ పట్టుకుని వాల్ జలాశయానికి చేరుతుంది. రెండు దేశాల మధ్య ఒప్పందం 1986లో కుదిరితే, నీళ్ళు 1998లో మొదలయ్యాయి. డిసెంబరు సెలవుల్లో సహోద్యోగులంతా కేప్‌టౌన్ సముద్రతీరానికి బయలుదేరుతుంటే, నేను వీపున సంచి తగిలించుకుని ఆ నీళ్ళు పుట్టేచోటికి బయలుదేరాను.

కాత్సె చూడాలంటే సొంత కారులో సుఖంగా వెళ్ళిరావచ్చు. నేను దక్షిణాఫ్రికా నుంచి లెసోతోకు ఎక్కే సాని కనుమ మీదుగా మొఖొట్లాంగ్ వెళ్ళి, అక్కడి నుంచి బుతా-బుతే మీదుగా దిగాలనుకున్నాను. సాని గురించి ఇప్పటికే అందరూ రాసేశారు కనుక నేను క్లుప్తంగా ముగిస్తాను. కింద దక్షిణాఫ్రికా చెక్‌పోస్టుకూ పైన లెసోతో చెక్‌పోస్టుకూ మధ్య ఎనిమిది కిలోమీటర్లే అయినా, నాలుగు చక్రాలూ లాగే బండి లేనిదే ఎక్కనివ్వరు. 2,876 మీటర్ల ఎత్తుకు చేరేసరికి పొగమంచు కమ్మి, ఏ లోయను చూడాలని ఇంత దూరం వచ్చానో ఆ లోయ కనిపించకుండా పోయింది. పైన ఆఫ్రికాలోకెల్లా ఎత్తున ఉన్న పబ్బు తమదేనని బోర్డు పెట్టుకున్న చోట కాఫీకి తీసుకున్న డబ్బుతో మా వీధిలో ఇద్దరికి భోజనం వస్తుంది. ఆ ఎత్తుకు కూడా కలిపి బిల్లు వేశారేమో అనుకుని తాగేశాను.

అక్కడి నుంచి మొఖొట్లాంగ్ వరకు తారురోడ్డు చక్కగా ఉంది. ఆ పట్టణంలో ఒక రాత్రి ఉండి, మర్నాడు ఒక స్థానిక యువకుణ్ణి తోడు తీసుకుని సెంకు నదిలో కలిసే ఒక ఏటి లోయ వెంబడి నడిచాను. సెంకు అంటే, దక్షిణాఫ్రికాలోకి దిగాక ఆరెంజ్ అని పిలిపించుకునే నదే. డిసెంబరులో ఇక్కడ వేసవి కాబట్టి కొండలన్నీ పచ్చగా ఉన్నాయి. ఏటవాలుగా దున్నిన మొక్కజొన్న చేలు, వాటి పైన చెట్టన్నది లేని గడ్డిమైదానాలు, ఇంకా పైన గొర్రెలు, పొడుగు బొచ్చు అంగోరా మేకలు. ఉన్ని, మొహేర్ ఈ జిల్లా వాళ్ళకు చేతికి నగదు తెచ్చే సరుకు. కాపరులు చాలామంది పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు. మోకాళ్ళ వరకు రబ్బరు బూట్లు, ఒంటి చుట్టూ దుప్పటి, చేతిలో కర్ర.

నాకు చిరాకు తెప్పించిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. దారి పక్కన కనిపించిన ప్రతి పిల్లవాడూ మమ్మల్ని చూడగానే "గివ్ మీ స్వీట్స్" అని పరుగెత్తుకొచ్చాడు. అది వాళ్ళ తప్పు కాదు. నాకంటే ముందు సంచులు తగిలించుకుని నడిచిన యాత్రికులు జేబులనిండా చాక్లెట్లు పోసుకొచ్చి, ఫోటోకొకటి చొప్పున పంచిపెట్టి, ఆ అలవాటు నేర్పి వెళ్ళారు. నా తోడు వచ్చిన యువకుడు ఆగి, పిల్లలకు ముందుగా "డుమేలాంగ్" అని పలకరింపు చెప్పి, వాళ్ళు తిరిగి పలకరించేదాకా కదిలేవాడు కాదు. పలకరింపులు అయ్యాక స్వీట్ల మాట చాలామంది మరచిపోయేవారు. ఊళ్ళో అడుగుపెట్టాక కూడా అంతే, ముందుగా ఊరిపెద్ద ఇంటికి వెళ్ళి, టోపీ తీసి, ఎక్కడివాళ్ళమో ఎందుకొచ్చామో చెప్పుకున్న తర్వాతే సంచి దించాలి. ఈ మర్యాద నాకు నచ్చింది.

మేము బస చేసిన ఇల్లు రాతి గోడల మీద గడ్డి కప్పిన గుండ్రటి గది. పేడ అలికిన నేల, గోడకు ఆనించిన రెండు పరుపులు, తలుపు తీస్తే ఎదురుగా లోయ. ఇంటి యజమానురాలికి అరవై ఏళ్ళుంటాయి, అందరిలాగే నేనూ ఆమెను "మ్మే", అంటే అమ్మా అని పిలిచాను. చలికాలానికి వంటచెరకుగా ఆమె పశువుల దొడ్డిలో గట్టిపడిన పేడను పారతో చెక్కలుగా కోసి, గోడ పక్కన పేర్చి ఆరబెట్టుకుంది. రాత్రికి మొక్కజొన్న పిండితో గట్టిగా వండిన పాపా, ఉప్పూ నూనే వేసి మగ్గించిన ఆకుకూర పెట్టింది. రెండు ఇళ్ళ అవతల పొడవాటి కర్ర చివర తెల్లటి గుడ్డ ఎగురుతోంది. ఆ ఇంట్లో ఆ రోజు జొన్నతో కాచిన జోవాలా అమ్మకానికి ఉందని దాని అర్థం. నేనూ ఒక చెంబు తాగాను. పుల్లగా, చిక్కగా, కడుపు నింపే పానీయం అది, మత్తు సంగతి తరువాత.

అయితే నేను వచ్చింది నీళ్ళు చూడడానికి కదా. పొద్దున్నే మ్మేతో పాటు ఊటబావికి వెళ్ళాను. ఊటచుట్టూ సిమెంటుతో చిన్న గూడు కట్టి, ఒక గొట్టం పెట్టారు. చిటికెన వేలంత ధార వస్తోంది. అంతకుముందే వచ్చిన ఆడవాళ్ళు పెయింటు డబ్బాలను వరుసలో పెట్టి, గట్టు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఇరవై లీటర్ల డబ్బా నిండాక, నీళ్ళు తొణకకుండా పైన ఒక ప్లాస్టిక్ పళ్ళెం బోర్లించి, దుప్పటి అంచును చుట్టలా చుట్టి తలమీద పెట్టుకుని, చేయి తాకించకుండా ఆ ఏటవాలు దారిన ఎక్కిపోతున్నారు. సగం డబ్బా అందుకుని రెండు మలుపులు దాటేసరికి నాకు ఊపిరి అందలేదు. దారి పొడుగునా కింద లోయలో నది కనిపిస్తూనే ఉంది. అది ఊరికి నాలుగైదు వందల అడుగుల కింద ఉంది కనుక ఊరికి పనికిరాదు. సొరంగాలు తొలచగలిగినవాళ్ళకు మాత్రమే అది నీరు.

ఆ ప్రాంతానికి దిగువన పొలిహాలి దగ్గర ఈ నీటి పథకం రెండో దశ ఆనకట్ట పనులు నడుస్తున్నాయి. అక్కడి నీటిని మరో సొరంగం ద్వారా కాత్సెకు కలుపుతారు. ఊటబావి దగ్గర ఆడవాళ్ళ మాటల్లో సగం ఆ కబుర్లే అని యువకుడు నాకు చెప్పాడు. ఎవరి మేనమామ పొలం మునక హద్దు లోపలికి వచ్చింది, ఎవరికి డబ్బు వచ్చింది, ఎవరికి ఉద్యోగం దొరికింది, సమాధులను ఎక్కడికి తరలిస్తారు అన్నవే వాళ్ళు మాట్లాడుకుంటున్నారట. సమాధుల మాట వినగానే నాకు మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. ఆమె పుట్టిన ఊరు 1981లో శ్రీశైలం జలాశయం కింద మునిగిపోయింది. ఎండాకాలం నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడల్లా మేము పడవ మీద వెళ్ళేవాళ్ళం. అందరూ గుడికి దండం పెట్టుకుంటే, ఆమె మాత్రం ఇంకొక దిక్కుకు తిరిగి, నీళ్ళ మధ్య ఎక్కడో తమ ఇంటి దిబ్బ ఉందని వేలు చూపించి ఏవేవో లెక్కలు చెప్పేది. పరిహారంగా ఎంత ఇచ్చారో పైసలతో సహా చనిపోయేదాకా ఆమెకు గుర్తుంది. ఆ కథను మ్మేకు చెప్పాలనుకున్నాను కాని, ఇద్దరికీ మధ్య ఒక దుబాసీని పెట్టుకుని చెప్పగలిగే కథ కాదనిపించి ఊరుకున్నాను.

మొఖొట్లాంగ్‌కు తిరిగివచ్చి బుతా-బుతే వెళ్ళే టాక్సీ ఎక్కాను. టాక్సీ అంటే పదిహేను మంది పట్టే వ్యాను, అది నిండేవరకు కదలదు. క్రిస్మస్ కోసం గనుల నుంచీ నగరాల నుంచీ వచ్చినవాళ్ళు ఇంకా ఊళ్ళలోనే ఉన్నారు కనుక దిగేవాళ్ళు తక్కువ. ఉదయం ఏడింటికి ఎక్కి కూర్చుంటే పదకొండున్నర దాటినా ఇంకా మూడు సీట్లు ఖాళీ. పైగా నా సంచి కాళ్ళ దగ్గర పట్టదని దానికీ ఒక సీటు డబ్బు అడిగాడు కండక్టరు. గొర్రె కాళ్ళు కట్టేసి వెనకాల పడుకోబెట్టిన వాళ్ళ దగ్గర ఎంత తీసుకున్నాడో తెలుసుకోవాలనుకున్నాను కాని, భాష కలవలేదు.

ఆ ఎదురుచూపులోనే పక్కసీటులోని పెద్దాయనతో మాట కలిసింది. గోధుమరంగు దుప్పటి నిలువు చారలు కనబడేలా కప్పుకుని, ఛాతీ దగ్గర పెద్ద పిన్నీసుతో బిగించుకున్నారు. దుప్పటి బాగుందని చెబితే అంచు తిప్పి లేబుల్ చూపించారు. లెసోతో ప్రజలైన బసోతోల గుర్తుగా ప్రపంచమంతా ఎరిగిన ఆ దుప్పట్లు దక్షిణాఫ్రికాలో, జోహాన్నెస్‌బర్గ్‌కు పడమరనున్న రాండ్‌ఫాంటైన్‌లో నేస్తారు. "అక్కడికి దగ్గరలోనే పనిచేశాను" అన్నారాయన. కార్ల్టన్‌విల్ బంగారు గనుల్లో పాతికేళ్ళకు పైగా ఉన్నారట. 1980లలో ఈ చిన్న దేశం నుంచి లక్షకు పైగా మగవాళ్ళు అలా గనుల్లోకి దిగారు. వెనక సీటులోని పంతులమ్మ మధ్యలో అడ్డుపడే మాటలను ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ ఉండగా, ఆయన దగ్గు ఆపుకుంటూ తన కథ చెప్పారు. ఊపిరితిత్తుల్లో రాతిధూళి చేరింది. గనుల యజమానులకూ కార్మికులకూ మధ్య కుదిరిన రాజీని జోహాన్నెస్‌బర్గ్ హైకోర్టు 2019లో ఆమోదించాక, సిలికోసిస్ వచ్చిన పాత కార్మికులకు పరిహారం ఇస్తున్నారు. దానికి కావలసిన పరీక్ష కోసమే ఆయన ఇప్పుడు దిగుతున్నారు. కాగితాలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని ఒడిలో ఉంచుకున్నారు.

నేను ఎందుకు వచ్చానని అడిగారు. నీళ్ళ సంగతి చెప్పాను. ఆయన కాసేపు నవ్వి, పంతులమ్మ వైపు తిరిగి ఏదో అంటే వ్యానంతా నవ్వింది. ఆమె నాకు చెప్పిన దాని సారాంశం ఇది. కార్ల్టన్‌విల్ కింద సున్నపురాతి పొరల నిండా నీళ్ళే. అవి గనిలోకి రాకుండా రాత్రింబవళ్ళు పైకి తోడి పారబోసేవాళ్ళు. "మేము అక్కడి నీళ్ళు పారబోస్తూ ఉంటే, వాళ్ళు ఇక్కడికొచ్చి మా నీళ్ళు కొనుక్కున్నారు. ఎవరి తెలివి ఎక్కువో నువ్వే చెప్పు." అమ్ముకున్న నీళ్ళకు లెసోతో ప్రభుత్వానికి ఏటా డబ్బు ముడుతుంది, ఈ రోడ్లలో కొన్ని ఆ పథకం కోసం వేసినవే. ఆ మాట నేను అంటే, రోడ్డు మంచిదేననీ, దిగడానికి బాగా పనికొస్తుందనీ అన్నారాయన.

మధ్యాహ్నం దాటాక ఇద్దరు కాపరులూ ఒక గర్భిణీ ఎక్కడంతో బండి కదిలింది. 3,200 మీటర్లు దాటిన ట్లాయెంగ్ కనుమ దగ్గర వడగళ్ళవాన పట్టుకుంది. రేకు టాపు మీద పడుతున్న ఆ చప్పుడుకు గొర్రె అరుపు కూడా వినబడలేదు, డ్రైవరు మాత్రం పాటల ధ్వని తగ్గించలేదు. వాన వెలిసేసరికి లెట్సెంగ్ వజ్రాల గని మట్టి దిబ్బలు కనిపించాయి. 603 క్యారెట్ల వజ్రం 2006లో దొరికింది ఇక్కడే. పెద్దాయన అటు చూడను కూడా లేదు, డబ్బా పట్టుకుని నిద్రపోతున్నారు. బుతా-బుతేలో దిగేటప్పుడు "న్తాతే (అయ్యా), మీ పరీక్ష బాగా జరగాలి" అంటే, పరీక్ష బాగా జరగకపోతేనే కదా డబ్బు వచ్చేది అన్నట్టు చేయి ఊపి వెళ్ళిపోయారు.

రాజధాని మసేరు, థాబా బోసియు కొండ చూశాను కాని వాటి గురించి రాయడానికి కొత్తగా ఏమీ లేదు. మొష్వేష్వే రాజు తన జనాన్ని కాపాడుకున్న ఆ కొండను చూడాలనుకునేవారు ఉదయం ఎండెక్కకముందే ఎక్కాలని మాత్రం చెబుతాను.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. లెసోతో డబ్బు లోటికి, దక్షిణాఫ్రికా డబ్బు రాండుకు విలువ సమానం. లెసోతోలో రాండ్లు అంతటా తీసుకుంటారు, దక్షిణాఫ్రికాలో మాత్రం లోటీలను ఎవరూ ముట్టుకోరు. బుతా-బుతే నుంచి సరిహద్దుకు వచ్చిన చివరి టాక్సీలో నేనిచ్చిన పెద్ద రాండ్ల నోటుకు చిల్లరంతా లోటీలలోనే వచ్చింది. కలెడన్స్‌పూర్ట్ దగ్గర వంతెన నడిచి దాటి, అవతల జోహాన్నెస్‌బర్గ్ టాక్సీ ఎక్కితే, జనం వరుసల వారీగా ముందుకు అందిస్తున్న ఛార్జీ డబ్బుల్లోంచి నా నోట్లు వెనక్కి తిరిగొచ్చాయి. ముందు సీటులో కూర్చుని అందరి చిల్లరా లెక్కగట్టే బాధ్యత పడిన ఒక నడివయసు ఆవిడ వెనక్కి తిరిగి, ఆ నోట్లు తనకిమ్మంది. సాండ్‌టన్‌లో ఎవరింట్లోనో పనిచేస్తుందట, ఈస్టరుకు మళ్ళీ ఊరికి వెళ్తుందట. లోటీలు రెండుసార్లు లెక్కపెట్టుకుని, రవికలోంచి పర్సు తీసి, అంతే మొత్తం రాండ్లు నా ఛార్జీకి జమ కట్టి, మిగిలిన ఐదు రాండ్ల బిళ్ళ నాకు అందించమని పక్కవాళ్ళ చేతికిచ్చింది.