ఫారం-20తో కుస్తీ: ఓటు ఎటు మళ్లిందో వెతకబోతే

పని నిన్న రాత్రితో ముగిసింది. కళ్ల మంట తగ్గకముందే రాసేస్తున్నా. ఆంధ్రప్రదేశ్‌లో ఒక అసెంబ్లీ నియోజకవర్గం తీసుకుని, 2019కీ 2024కీ మధ్య ఓట్లు ఎటు మళ్లాయో ఊరూరా తేల్చాలి. అదీ పని.

రాష్ట్రం లెక్కకి పది నిమిషాలు చాలు. వైసీపీ 49.95 శాతం నుంచి 39.37కి, 151 సీట్ల నుంచి 11కి పడింది. 2019లో టీడీపీకి వచ్చిందీ దాదాపు అంతే, 39.17 శాతం. అయినా అప్పుడు 23 సీట్లు దక్కాయి. 2024లో అవతలి టీడీపీ-జనసేన-బీజేపీ కూటమి 55 శాతం దాటడంతో అదే శాతానికి సీట్లు సగమయ్యాయి. ‘అంతా పొత్తు మహిమే’ అనేవాళ్లు ఒక్కసారి కూడి చూడండి. 2019లో టీడీపీ, జనసేన, బీజేపీ ఓట్లు మూడూ కలిపినా 45.5 దగ్గరే ఆగుతుంది. మిగతా పది శాతం ఎక్కడిది?

అది తేల్చడానికి బూత్‌ల వారీ ఓట్లుండే ఫారం-20 కావాలి. దొరకడం కష్టం కాదు, చదవడమే నరకం. వంకరగా స్కాన్ చేసిన పేజీలు, 3 ఏదో 8 ఏదో తెలియని అంకెలు. ఆ స్కానర్ ముందు కూర్చున్న మహానుభావుడు ఒక్క పేజీ అయినా తిరిగి చూసుకున్నాడా అని అనుమానం. ప్రతి వరుసలో అభ్యర్థుల ఓట్లు కూడి, పక్కనున్న చెల్లిన ఓట్ల మొత్తంతో సరిచూడండి. తేడా వస్తే తప్పు ఆ వరుసలోనే ఉంది. పోస్టల్ బ్యాలెట్లు ఏ బూత్‌కీ చెందవు, పక్కన పెట్టండి.

నా పరువు తీసింది మాత్రం బూత్ నంబరు. 2019 బూత్ 87కి ఎదురుగా 2024 బూత్ 87 పెట్టి లెక్క కట్టా. ఒక ఊళ్లో నలభై శాతం ఓటు తిరగబడినట్టు వచ్చింది. కులం, పథకాలు అంటూ కారణాలు కూడా అల్లేశా! తీరా చూస్తే అవి రెండు వేర్వేరు ఊళ్లు. పైన ఎక్కడో ఓటర్లు 1500 దాటిన బూత్‌ని రెండు చేశారు. అక్కణ్నుంచి కింది నంబర్లన్నీ జరిగిపోయాయి. నంబరు వదిలేసి, రెండేళ్ల పోలింగ్ కేంద్రాల జాబితాలు తెచ్చుకుని బడి పేరు, ఓటర్ల జాబితాలోని వీధుల పేర్లు పట్టి కలపాలి. ఒకే బడిలో ‘తూర్పు గది’, ‘పడమర గది’ అని రెండు బూత్‌లుంటే విడివిడిగా పోల్చకుండా ఊరి మొత్తంగా కూడేయండి. రెండు వారాలు దీనికే పోయాయి.

ఇంత చేసినా తెలిసేది నికరమే. ఒక ఊళ్లో ఒక పార్టీకి 90 ఓట్లు తగ్గాయనుకోండి. తొంభై మంది అటు దూకి ఉండొచ్చు. లేదా 130 మంది పోయి 40 మంది వచ్చి ఉండొచ్చు. కొందరు చనిపోయారు, కొందరు వలస నుంచి ఓటేయడానికి వచ్చారు, కొత్త ఓటర్లు చేరారు. ‘ఫలానా కులం మొత్తం మారింది’ అని ఫారం-20 చూపించి చెప్పేవాడికి అది చదవడం రాదన్నట్టే.

మారినవాళ్లెవరో తెలియాలంటే మనుషుల్ని అడగాల్సిందే. ‘పోయినసారి ఎవరికి వేశారు’ అనేది చివర్లో అడగండి. ఓడిన పార్టీకి వేసినవాళ్లలో కొందరు గెలిచినవాళ్ల పేరే చెబుతారు. వచ్చిన జవాబుల్ని ఆ ఊరి 2019 ఓట్లతో పోల్చండి, ఎంత దాస్తున్నారో తెలుస్తుంది. ‘ఎందుకు మారారు’ అన్నదానికి మొదటి జవాబు టీవీలో విన్నదే అవుతుంది. ‘ఎప్పుడు అనుకున్నారు’ అని అడిగితే రోడ్డు, భూమి పాస్‌బుక్, ఇసుక అంటూ అసలు సంగతి బయటికొస్తుంది.

ఇంకా ఏడు బూత్‌లు దేనితోనూ కలవలేదు. వాటిని ‘తేలనివి’ అనే వరుసలో విడిగా ఉంచా.