స్పాకి వెళ్తే గాజులతో పాటు మొహమాటం కూడా తీసెయ్యండి

యాభయ్యో పుట్టినరోజుకి మా అమ్మాయి బీచ్ రోడ్డులోని ఒక స్పాకి వోచర్ పంపింది. గంట మసాజ్, ఆ తర్వాత స్టీమ్. "మే నెలలో వైజాగ్‌లో ఆవిరికి డబ్బులు కట్టడమేంటే, బాల్కనీలో కూర్చుంటే చాలదా" అన్నారు మా ఆయన. పాతికేళ్లుగా బ్యాంకు కౌంటర్లో కూర్చుని పట్టేసిన మెడ నాది కదా, నేను వెళ్లాను.

వెళ్లేముందు చేసిన పొరపాటు పెసరట్టు ఉప్మా. పన్నెండింటికి అపాయింట్‌మెంట్ పెట్టుకుని పదకొండింటికి తిన్నాను. బోర్లా పడుకున్న పది నిమిషాలకే అల్లం పచ్చడి గొంతులోకి వచ్చింది. రెండు గంటల ముందే ఏదైనా తేలిగ్గా తినేసి, మంచినీళ్లు తాగి వెళ్లండి. ఇస్త్రీ చుడీదార్ కూడా వద్దు, నూనె మరక వదలదు. పాత నూలు బట్టలు చాలు. బంగారం ఇంట్లోనే పెట్టి వెళ్లడం నయం. నా గాజులు ఎంతకీ రాక, అక్కడి వాష్‌బేసిన్ దగ్గర సబ్బు రాసి లాగేసరికి మణికట్టు కందిపోయింది.

అసలు తప్పు ఫారం దగ్గర జరిగింది. బీపీ ఉందా, ఆపరేషన్లు అయ్యాయా, గర్భవతా, చర్మానికి ఏమైనా పడవా, కాళ్లలో నరాలు ఉబ్బాయా అని వరసగా అడిగారు. అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టేశాను. లోన్ ఫారం చదవకుండా సంతకం పెట్టేవాళ్లని కసిరేది నేనే! నాలుగేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను మరి. స్టీమ్ గదిలోంచి లేచేసరికి కళ్లు చీకట్లు కమ్మి బల్ల మీద కూలబడ్డాను. మసాజ్ చేసిన అమ్మాయి నీళ్లిచ్చి "బీపీ ఉందాండీ?" అంది. తలూపాను. ఏమీ అనలేదు, ఫారం తెచ్చి నా టిక్కు కొట్టేసి పక్కన ఇంకోటి పెట్టింది. వేడికి రక్తనాళాలు వెడల్పై బీపీ పడిపోతుంది, మాత్ర వేసుకునేవాళ్లకి ఇంకా త్వరగా పడిపోతుందట. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే స్టీమ్ జోలికి వెళ్లాలి. ఒక కాలి పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెడుతుంటే మసాజ్ మాట మర్చిపోయి ఆసుపత్రికి వెళ్లండి. లోపల గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. రుషికొండలో మధ్యాహ్నమంతా ఆడి ఒళ్లు ఎండకి కమిలినవాళ్లు కూడా, అది తగ్గేదాకా ఆగాలి.

ఇక మసాజ్. పెట్టుకోమని ఇచ్చిన డిస్పోజబుల్ లోదుస్తులు పిండివంటల పొట్లం కాగితంలా గరగరలాడాయి. నవ్వొచ్చింది. పైన దుప్పటి కప్పే ఉంచుతారు, ఏ భాగానికి నూనె రాస్తారో అక్కడే తీస్తారు, కాబట్టి సిగ్గుపడేంత ఏమీ లేదు. ఆడవాళ్లే చేయాలంటే బుకింగ్ అప్పుడే చెప్పాలి. నువ్వుల నూనె వాసనకి చిన్నప్పుడు భీమిలిలో అమ్మమ్మ నలుగు పెట్టిన పండగ పొద్దులు గుర్తొచ్చాయి. అప్పుడు నొప్పెడితే ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని. ఇక్కడ ఆ అమ్మాయి భుజం వెనక మోచేత్తో నొక్కుతూ "సరిపోయిందా మేడమ్" అని మూడుసార్లు అడిగితే, మూడుసార్లూ పళ్లు బిగించి "పర్లేదమ్మా" అన్నాను. పాపం, తనకేం తెలుస్తుంది? మర్నాడు చెయ్యెత్తి జడ వేసుకోలేకపోయాను.

డిసెంబరులో నా డబ్బుతోనే మళ్లీ వెళ్లాను. ఫారం కళ్లజోడు పెట్టుకుని నింపాను. స్టీమ్ వద్దన్నాను. "భుజం దగ్గర మెల్లగా, మెడ దగ్గర ఇంకాసేపు, ఆ ఏసీ కాస్త తగ్గించమ్మా" అన్నాను. అంతే, చేతి బరువు అప్పటికప్పుడే మారింది. కాసేపటికి నిద్ర పట్టేసింది, గురక కూడా పెట్టానట.

ఇప్పుడు మా ఆయన మోకాళ్ల నొప్పులంటూ చుట్టూ తిరుగుతున్నారు. ఆయనకి షుగరు, పాదాల్లో స్పర్శ తగ్గింది, వేడి ఎంతుందో చప్పున తెలియదు. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. డాక్టరు వద్దనకపోతే స్పాకి. ఫారం మాత్రం నేనే పక్కన కూర్చుని నింపిస్తాను.