బాబు పది వేళ్లు, నా మూడు సెలవులు

బడి వాట్సాప్ గ్రూపులో జూన్‌లో ఒక మెసేజ్ వచ్చింది. ఐదేళ్లు నిండిన పిల్లలందరికీ ఆధార్‌లో వేలిముద్రలు వేయించి రసీదు జిరాక్స్ ఇవ్వాలని. మా బాబుకి ఏప్రిల్‌లోనే ఐదు నిండాయి. పాపకి రెండేళ్లు. మా ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో. శనివారం రాత్రి ఖమ్మం వచ్చి ఆదివారం రాత్రి మళ్లీ బండెక్కుతారు. మా దగ్గరి ఆధార్ కేంద్రానికి ఆదివారం సెలవు. అంటే నేను ఆఫీసుకి సెలవు పెట్టాల్సిందే.

ఐదేళ్లలోపు పిల్లలకి ఇచ్చేది నీలం రంగు బాల ఆధార్. దానికి ఫొటో ఒక్కటే తీస్తారు, వేలిముద్రలు ఉండవు. అమ్మదో నాన్నదో ఆధార్‌కి ముడిపెడతారు. ఐదు నిండాక పది వేలిముద్రలు, రెండు కళ్ల స్కాన్, కొత్త ఫొటో ఇవ్వాలి. పదిహేనేళ్లకి మళ్లీ ఇంకోసారి. 5 నుంచి 7 ఏళ్లలోపు చేయిస్తే డబ్బు కట్టక్కర్లేదు. 7 దాటిన పిల్లలకి కూడా 2025 అక్టోబరు 1 నుంచి ఏడాదిపాటు రుసుము ఎత్తేశారు. ఏడు దాటినా చేయించకుండా వదిలేస్తే నంబరు పనిచేయకుండా పోవచ్చు. అందుకే వాయిదా వేయలేదు.

మొదటి సెలవు ఊరికే పోయింది. పిల్లలిద్దరికీ స్నానాలు చేయించి, తినిపించి, ఆటో పట్టుకుని పదింటికి వెళ్తే టోకెన్లు అయిపోయాయన్నారు. పొద్దున్నే వచ్చి తీసుకోవాలట. ఆ మాట తలుపు మీద ఒక కాగితం రాసి అంటిస్తే ఎంతమందికి ఒక పూట మిగిలేది!

రెండోసారి ఏడున్నరకే వెళ్లాను. పందొమ్మిదో నంబరు వచ్చింది. మా వంతు పన్నెండు దాటాక గానీ రాలేదు. తెచ్చిన పప్పన్నం అయిపోయింది, నీళ్ల సీసా ఖాళీ. కూర్చోవడానికి ఒక్క బెంచీ. దాని మీద పెద్దవాళ్లున్నారు. బాబు నా భుజం మీదే నిద్రపోయాడు. లేపేసరికి ఏడుపు.

మిషన్ గాజు పలక అరచేయంత ఉంటుంది. ముందు ఒక చేతి నాలుగు వేళ్లు, తర్వాత రెండో చేతివి, చివర్లో బొటనవేళ్లు రెండూ కలిపి పెట్టాలి. వాడికి బల్ల అందదు. ఒక చేత్తో వాణ్ని ఎత్తుకుని, రెండో చేత్తో వాడి వేళ్లు నొక్కి పట్టుకున్నాను. పాప నా చున్నీ పట్టుకుని కింద కూర్చుంది. నాలుగో వేలు పైకి లేచిపోయేది. వేళ్లన్నీ ఆనితే చెమటకి ముద్ర చెదిరిపోయేది. ఆరుసార్లు ప్రయత్నించాం. కళ్ల మిషన్ దగ్గర ఇంకా కష్టం. ఏడ్చిన కళ్లు, నిండా నీళ్లు, రెప్ప నిలవదు. "అమ్మా, ఇంకో రోజు తీసుకురండి, వెనక లైను ఉంది" అన్నాడు ఆపరేటర్. అతని మీద నాకు కోపం లేదు. ఐదేళ్ల పిల్లవాణ్ని ఐదు గంటలు నిలబెట్టి, ఆ తర్వాత కదలకుండా కూర్చోమనే పద్ధతి మీదే కోపం. బయటికొచ్చి మెట్ల మీద పాపకి డైపర్ మారుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది.

ఆ రాత్రి ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. దేశంలో ఏ ఆధార్ కేంద్రంలోనైనా చేయించుకోవచ్చని అప్పుడే తెలిసింది. మా అమ్మవాళ్లది మధిర. నాన్నకి చెప్తే, "నువ్వు పిల్లల్ని తీసుకుని రా తల్లీ, టోకెన్ సంగతి నేను చూసుకుంటా" అన్నారు.

వారం రోజులు ఇంట్లో సాధన చేయించాను. మంచం మీద చిన్న అద్దం పెట్టి నాలుగు వేళ్లూ ఆనించి పది లెక్కపెట్టడం. పేపరు గొట్టంలా చుట్టి అందులోంచి రెప్ప వేయకుండా గోడమీది బల్లిని చూడటం. వేళ్ల చివర్ల తోలు లేస్తోందని రోజూ రాత్రి కొబ్బరినూనె రాశాను. వెళ్లేరోజు మాత్రం సబ్బుతో కడిగి, పొడిబట్టతో తుడిచాను. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఈ చివరి రెండు పనులూ తప్పకుండా చేయండి. మా వాడి ముద్రలు పడింది అందువల్లేనని నా నమ్మకం.

మధిరలో నాన్న పొద్దున్నే టోకెన్ తీసుకుని, ఇంకో ఇద్దరున్నారనగా ఫోన్ చేశారు. పాపని అమ్మ దగ్గర వదిలి వెళ్లాం. బాబు నిద్ర తీరి, ఇడ్లీలు తిని హుషారుగా ఉన్నాడు. ఆపరేటరమ్మ కుర్చీ మీద కుర్చీ వేసి కూర్చోబెట్టింది. వాడు గట్టిగా ఒకటి, రెండు లెక్కపెట్టాడు. పదికి ముందే తెర మీద పచ్చగా వచ్చింది. మొత్తం పది నిమిషాలు పట్టలేదు.

సోమవారం రసీదు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ప్రిన్సిపల్ మేడంని అడిగాను, బడిలోనే ఒక క్యాంపు పెట్టించలేరా అని. ఇంకా ఎంతమందికి కాలేదో పేర్లు కావాలన్నారు. గ్రూపులో అడిగితే సాయంత్రానికి పదకొండు మంది తల్లులు రాశారు. అందులో ముగ్గురికి చంకలో ఇంకో బిడ్డ. అర్జీ నేనే రాసి, ఆ పేర్లన్నీ జతచేసి మేడంకి ఇచ్చాను.