వెయ్యి నలభై మీద ముల్లు

బస్సు రద్దయిందని మెసేజ్ వచ్చేసరికి నేను బూట్లు కూడా తొడుక్కుని సోఫాలో కూర్చున్నాను. డిసెంబరు 23. అయోవాలో డెమోయిన్, మా అబ్బాయి ఇల్లు. అక్కణ్ణుంచి చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి పోవాలి. మంచు వల్ల బస్సు లేదట. డబ్బు వెనక్కి ఇవ్వరట, ‘క్రెడిట్’ ఇస్తారట, ఏడాదిలోగా వాడుకోవాలట. ఫిబ్రవరిలో తెనాలి పోయేవాడికి చికాగో బస్సు క్రెడిట్ దేనికి, చుట్టబెట్టుకోడానికా? విమానం చూస్తే పండగ రేటు, 380 డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూడొద్దు నాన్నా అని మావాడు మొత్తుకుంటూనే ఉంటాడు. మార్చేశాను. ముప్పై రెండు వేలు. ఆ డబ్బుతో కాశీకి పోయొచ్చి సమారాధన కూడా చేసుకోవచ్చు.

పైకి విసుక్కున్నాను గానీ లోపల్లోపల హాయిగానే ఉంది. నేపర్‌విల్‌లో మా వియ్యంకుడు గారు దిగి ఉన్నారు. ఆయన జెండా వేరు, నా జెండా వేరు. పెళ్ళినాడు అది నవ్వులాటే. 2024 జూన్‌లో ఫలితాలొచ్చిన మధ్యాహ్నం కుటుంబం గ్రూపులో ఆయనొక బొమ్మ పెట్టారు, దాని కింద నేనొక మాట పెట్టాను, ఆయన ఇంకో మాట పెట్టారు. సాయంత్రానికి ఆయన గ్రూపులోంచి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి మాటల్లేవు. ఇప్పుడు బయట మంచు, లోపల ఒకే హాలు, పది రోజులు.

అయితే తప్పించుకోవడం నా జాతకంలో లేదు. మావాడు వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ పక్కింటాయనతో బస్సు సంగతి చెప్పాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు మొక్కజొన్న, సోయా పండించి, పొలం కౌలుకిచ్చి ఊళ్ళోకొచ్చేశాడు. భార్య పోయింది. నేను మనసులో ఆయన్ని ‘కామందు’ అని పిలుచుకుంటాను. ఆయన కూతురు అరోరాలో ఉంటుంది, నేపర్‌విల్‌కి ఆనుకునే. “రేపు పొద్దున్న ఏడింటికి నా పికప్‌లో ఎక్కండి” అన్నాడట. పెట్రోలు డబ్బులు ఇస్తామంటే ముఖం అదోలా పెట్టాడట.

పికప్ ఎక్కి బెల్టు పెట్టుకునేలోపే రేడియో మొదలైంది. ఎవరో కోపంగా ఉన్నాడు.

మూడొందల మైళ్ళు. ఆ గొంతు కాకపోతే ఇంకో గొంతు, కోపం మాత్రం ఒకటే. మధ్యలో మొక్కజొన్న ధర, సోయా ధర, పందుల ధర. అయోవాలో మనుషులు ముప్పై లక్షల పైచిలుకైతే పందులు రెండు కోట్ల పైనే, కనుక పందుల ధర ఇక్కడ పెద్ద వార్తే. తర్వాత మోకాళ్ళ నొప్పుల మాత్రల ప్రకటన. తర్వాత మళ్ళీ కోపం. ఎవరో ఒకామె ఫోన్ చేసి, దుకాణంలో కుర్రాడు తనకి ‘మెర్రీ క్రిస్మస్’ అనకుండా ‘హ్యాపీ హాలిడేస్’ అన్నాడని చెప్పుకుంది. ఆ మాట మీద పావుగంట సాగింది. కామందు స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు.

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. నేను తంతి ఆఫీసులో ముప్పై ఐదేళ్ళు పనిచేసినవాణ్ణి. మా దగ్గర పండగ శుభాకాంక్షలన్నీ నంబర్లే. దీపావళికి ఒకటి. ఈద్‌కి ఒక అంకె, క్రిస్మస్‌కి ఒకటి, కొత్త సంవత్సరానికి ఇంకొకటి. జనం కిటికీ దగ్గర అంకె చెప్పేవాళ్ళు, మేం అంకె కొట్టేవాళ్ళం, అవతలి ఊళ్ళో అది వాక్యమై కాగితం మీద దిగేది. ఏ పండగ అంకె కొట్టినా వేలికి ఒకే శ్రమ. అదంతా కామందుకి చెప్దామనుకున్నాను గానీ నా ఇంగ్లీషు కూడా టెలిగ్రాం ఇంగ్లీషే, మాటకి ఇంత అని లెక్కగట్టినట్టు వస్తుంది. “ఇండియా. టెలిగ్రాఫ్. ఫెస్టివల్, నంబర్” అన్నాను. ఆయన రేడియో గొంతు తగ్గించి, “మళ్ళీ చెప్పండి” అన్నాడు. అది నాకు ఆశ్చర్యమే. తగ్గిస్తాడనుకోలేదు.

అయోవా సిటీ దాటేదాకా తంతి గురించే అడిగాడు. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సర్వీసు మూసేశారంటే, “అంతకాలం ఉందా!” అని నోరు తెరిచాడు. అప్పుడు డాష్‌బోర్డు మీద 1040 అని వెలుగుతున్న ఏఎం రేడియో అంకెని వేలితో చూపించి రీగన్ కథ ఎత్తాడు. రొనాల్డ్ రీగన్ సినిమాల్లోకి పోకముందు, 1930ల్లో, మేం వింటున్న ఈ డబ్ల్యూహెచ్ఓ అనే డెమోయిన్ రేడియో స్టేషన్లోనే బేస్‌బాల్ ఆటలు చెప్పేవాడట. ఆట జరిగేది చికాగోలో, ఈయన ఉండేది డెమోయిన్‌లో. తంతి మీద ముక్కలు ముక్కలుగా వచ్చిన సమాచారాన్ని పట్టుకుని కళ్ళారా చూస్తున్నట్టు చెప్పేవాడు. ఒకరోజు ఆట మధ్యలో తంతి ఆగిపోయింది. ఆగిందని చెబితే జనం వేరే స్టేషన్‌కి తిప్పేస్తారని, బ్యాటు పట్టినవాడు బంతి తర్వాత బంతి పక్కకి కొడుతూనే ఉన్నట్టు అల్లుకుంటూ పోయాడు, తంతి మళ్ళీ పలికేదాకా.

కామందు పగలబడి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. తంతి తెగితే మేం ‘లైన్ డౌన్’ అని పుస్తకంలో రాసి చేతులు కట్టుకునేవాళ్ళం. కల్పించి పంపితే ఉద్యోగం ఊడేది.

దావెన్‌పోర్ట్ ముందు వాల్కాట్ దగ్గర ఆగాం. లారీల వాళ్ళ కోసం కట్టిన చోటు, ప్రపంచంలోకెల్లా పెద్దదని బోర్డు. పళ్ళ డాక్టరున్నాడు, మంగలి ఉన్నాడు, పాత లారీల మ్యూజియం ఉంది. మా చిలకలూరిపేట బైపాస్ మీద లారీల వాడికి నులక మంచమూ బకెట్టు నీళ్ళూ దొరికితే గొప్ప. నేను మాంసం తిననని మొదటిరోజే ఎవరు చెప్పారో, వడ్డించే అమ్మాయిని కామందే నిలదీశాడు: ఈ బంగాళాదుంపలు ఏ నూనెలో వేయించారు, ఆ పెనం మీదే బేకన్ వేశారా, ఇంకో పెనం ఉందా. ఆమె లోపలికెళ్ళి కనుక్కొచ్చింది. మా వాళ్ళ పెళ్ళిళ్ళలో కూడా నా గురించి ఎవరూ అంత వాకబు చేయలేదు. అప్పటిదాకా బయటి దేశాల వాళ్ళ మీద రేడియో తిట్టిన తిట్లకి ఔనౌనని తలూపిన మనిషి ఈయనే! బిల్లు కూడా ఆయనే లాక్కున్నాడు. (మధ్యలో ఒక పెట్రోలు బంకులో కాఫీకి మాత్రం నేనిచ్చాను. మూడున్నర డాలర్లు. కుడితి.)

తింటూ అడిగాను, మీ నాన్నగారి కాలంలోనూ రేడియో ఇలాగే ఉండేదా అని. కాదన్నాడు. ఒక పక్షం మాట వినిపిస్తే రెండో పక్షానికీ చోటివ్వాలని 1949 నుంచి నియమం ఉండేదట. 1987లో, రీగన్ ప్రెసిడెంటుగా ఉండగా, అది పోయింది. దాన్ని చట్టంగా చేసి నిలబెట్టాలని అంతకుముందే కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, బిల్లు పంపితే రీగన్ తిప్పికొట్టాడు. మరుసటేడు ఒకే పక్షం మాట చెప్పే రష్ లింబా అనేవాడు దేశమంతటా వినిపించడం మొదలుపెట్టాడు. లింబా 2021లో చనిపోయేదాకా కామందు మధ్యాహ్నాలు ట్రాక్టరు క్యాబిన్లో ఆయనతోనే గడిచాయి. “ముప్పై ఏళ్ళు. నా భార్యతో కన్నా ఆయనతో ఎక్కువ సేపున్నాను” అన్నాడు. గొప్పగా అన్నాడో బాధగా అన్నాడో నాకు తెలియలేదు.

మా దేశంలో రేడియో సర్కారుదని, 1977 ఎన్నికలదాకా పార్టీలకి అందులో మాట్లాడే వంతే లేదని, ప్రైవేటు ఎఫ్ఎంలు ఇప్పటికీ సొంతంగా వార్తలు చెప్పకూడదని చెప్పాను. ఆయన ఫోర్కు కింద పెట్టాడు.

“మరి మీరు ఎవరి మీద అరుస్తారు?”

“ఫోన్లో, మా వియ్యంకుడి మీద” అన్నాను. వియ్యంకుడికి ఇంగ్లీషులో మాట లేదు. కూతురి భర్త తండ్రి అని విడగొట్టి చెప్పాల్సొచ్చింది. అంత పొడుగు మాట పెట్టి మనిషిని తిట్టడం కూడా కష్టమే.

ఆయనదీ అదే బాధట. అల్లుడు అవతలి పార్టీ. క్రిస్మస్ భోజనం దగ్గర రాజకీయం మాట్లాడకూడదని కూతురు రూలు పెట్టింది. “పండగలు కూడా పార్టీలే చేశాయి, కొత్తేం కాదు” అంటూ ఇంకో కథ చెప్పాడు. 1939 నవంబరులో ఐదు గురువారాలొచ్చాయి. చివరి గురువారం థ్యాంక్స్‌గివింగ్ చేస్తే క్రిస్మస్ బేరాలకి రోజులు చాలవని దుకాణాల వాళ్ళు మొరపెట్టుకుంటే, ప్రెసిడెంటు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ పండగని వారం ముందుకి జరిపాడు. అవతలి పార్టీ వాళ్ళు దానికి ‘ఫ్రాంక్స్‌గివింగ్’ అని పేరు పెట్టి వెక్కిరించారు. సగం రాష్ట్రాలు 23న, సగం 30న. టెక్సాస్ రెండు రోజులూ చేసుకుంది. చివరికి 1941లో నాలుగో గురువారమని చట్టం చేస్తే గొడవ అణిగింది. ఇది నాకు బాగా ఎక్కింది. ఒకే వీధిలో రెండు పంచాంగాలు పట్టుకుని రెండు రోజులు పండగ చేసుకున్న వాళ్ళం మేం. మా అమ్మ రెండు రోజులూ పులిహోర చేసేది, ఎందుకొచ్చిన గొడవని.

లెక్లెయిర్ దగ్గర మిసిసిపి దాటాం. పక్కలకి గడ్డకట్టి, నడిమధ్య నల్లగా పారుతోంది. కృష్ణని చూసినవాడికి నది వెడల్పు గొప్ప కాదు గానీ మంచు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఈ నదికి తూర్పున స్టేషన్ల పేర్లు డబ్ల్యూతో, పడమట కేతో మొదలవుతాయట. డెమోయిన్ స్టేషన్ పడమటిదే అయినా దాని డబ్ల్యూ దానికుంది. వంతెన దాటాక దాని గొంతు సన్నబడింది, గరగర మొదలైంది. రాత్రయితే మళ్ళీ ఎంతో దూరం వినిపిస్తుందన్నాడు కామందు. నాకు తెలిసిందే. చీకటి పడ్డాక సిలోన్ స్టేషన్ పొరుగూళ్ళోంచి వచ్చినంత స్పష్టంగా వచ్చేది మాకు. ఆయన ఇంకో స్టేషన్ వెతక్కుండా రేడియో కట్టేశాడు. ఆ తర్వాత రోడ్డు పేరు రొనాల్డ్ రీగన్ మెమోరియల్ టోల్‌వే. డిక్సన్ పక్కనుంచే పోతుంది, రీగన్ పెరిగిన ఊరు. టోలు పడేచోట కామందు గొణిగాడు, ఎవరి పేరు పెట్టినా డబ్బులు మనమే కట్టాలని.

మా అమ్మాయి ఇంటిముందు దింపి లోపలికి రానన్నాడు. కారప్పూస పొట్లం ఇస్తే తీసుకున్నాడు. నేను సామాను గుమ్మందాకా లాక్కునే లోపల పికప్ అక్కడే నిలబడి ఉంది, అద్దంలోంచి మళ్ళీ ఎవరి గొంతో వినిపిస్తోంది.

తలుపు తీసింది వియ్యంకుడు గారే. చెవిలో ఒక వైరు, రెండోది వేలాడుతోంది. “రండి బావగారూ” అన్నారు. “బాగున్నారా బావగారూ” అన్నాను. అంతే. సాయంత్రం దాకా మనవడి ద్వారానే మాట్లాడుకున్నాం.

రాత్రి భోజనాలయ్యాక నాకు నిద్ర పట్టలేదు. నిజంగా డెమోయిన్ ఇక్కడికి వినిపిస్తుందా? అల్లుడి కారు గ్యారేజీలో ఉంది. శాలువా కప్పుకుని వెళ్ళి కూర్చుని తెర మీద ఎంత వెతికినా ఏఎం కనిపించలేదు. వెనక తలుపు చప్పుడైంది. వియ్యంకుడు గారు, మంకీ క్యాపుతో.

“ఎలక్ట్రిక్ కారు బావగారూ. వీటిలో చాలావాటికి ఏఎం ఉండదు. మోటారు గోలకి గరగరమంటుందని తీసేశారట. మళ్ళీ పెట్టించాలని రెండు పార్టీల వాళ్ళూ కలిసి బిల్లు కూడా పెట్టారు ఇక్కడ.”

“రెండు పార్టీలూనా?”

“రెండూను.”

ఆయన పక్క సీట్లో కూర్చుని ఏదో నొక్కారు. కాసేపటికి కింద వెచ్చబడింది. ఇంట్లో సోఫాకన్నా ఇదే నయం. ఏం వెతుకుతున్నారన్నారు. చెప్పాను. వాళ్ళ నాన్నగారు పోస్టాఫీసులో లైసెన్సు కట్టి కొన్న రేడియో గురించి చెప్పారు. వీధరుగు మీద పెడితే రెండు పార్టీల వాళ్ళూ వచ్చి కూర్చునేవాళ్ళట. విజయవాడ కేంద్రం వార్తల ముందు గొంతు సవరించుకోవడం ఆయన అచ్చు దించేశారు. నేను పొలం పనుల కార్యక్రమం ఎత్తాను, సాయంత్రం ఆరున్నరకి వచ్చేదని. కాదు, ఏడుంపావుకన్నారాయన. ఆరున్నరే, నేను డ్యూటీ దిగి టీ తాగుతూ వినేవాణ్ణి. ఏడుంపావే, మా నాన్నగారు సంధ్యావందనం అయ్యాక వినేవారు. సీటు వేడి తగ్గించి, మోకాలి మీద చెయ్యేసి మరీ వాదించారు. పదకొండు దాటాక అమ్మాయి తలుపు తీసి, “ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారా!” అని కంగారుగా కేకేసింది.