మిశ్రమ అడవి మోడల్లో చావు లెక్క

కెనడా అడవి కొలతల ఫైలు హైదరాబాద్‌లో ఏ డేటా టీము చేతికి వచ్చినా, ముందు కన్ను పడేది చెట్టు లావు ఎంత పెరిగిందన్న దాని మీదే. లావు పెరుగుదలను చెప్పే సమీకరణం కుదిరితే, అడవి ముందుముందు ఎలా మారుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టే మోడల్ పని సగం అయిపోయినట్టు ఉంటుంది. యాభై ఏళ్ళు ముందుకు నడిపి చూస్తే మాత్రం తప్పు ఎక్కువగా బయటపడేది చావుల దగ్గర. ఏడాదికి 2.1 శాతం చెట్లు చస్తాయనుకుంటే నూరింట్లో 50 ఏళ్ళకు మిగిలేవి 35. 1.1 శాతం అనుకుంటే 57కు పైనే. ఒక్క శాతం తేడాకు ఫలితం ఇంత మారుతుంది కాబట్టి పనివేళల్లో సగం దీనికే కేటాయించాలి.

ముందు ఆ అడవి సంగతి. పశ్చిమ కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రం ఉత్తర భాగంలోని మిశ్రమ అడవుల్లో ముఖ్యమైన చెట్లు రెండు: ట్రెంబ్లింగ్ ఆస్పెన్, వైట్ స్ప్రూస్. అడవి కాలినా, నరికినా ఆస్పెన్ వేర్ల నుంచి పిలకలు హెక్టారుకు వేలల్లో, కొన్నిచోట్ల లక్ష దాకా లేస్తాయి. స్ప్రూస్ విత్తనం నుంచి వస్తుంది, నిదానంగా ఎదుగుతుంది, చెట్టు లావును కొలిచే 1.3 మీటర్ల ఎత్తుకు రావడానికే దానికి పదేళ్ళు దాటవచ్చు. దశాబ్దాల పాటు ఆస్పెన్ పైన, స్ప్రూస్ దాని నీడన. ఆస్పెన్‌కు ముసలితనం వచ్చి పైకప్పు పలచబడ్డాక అడవి స్ప్రూస్ చేతికి వస్తుంది. అందుకే ఒట్టి ఆస్పెన్ అడవి పెరుగుదల పట్టికనూ ఒట్టి స్ప్రూస్ పట్టికనూ పాళ్ళు వేసి కలిపితే ఈ అడవి రాదు. యూనివర్సిటీ ఆఫ్ ఆల్బర్టాలో తయారైన మిక్స్‌డ్‌వుడ్ గ్రోత్ మోడల్ ఒక్కో చెట్టునూ విడిగా పెంచుతుంది, చెట్ల మధ్య దూరాలు మాత్రం అడగదు. జిప్సీ అనే మోడల్ అడవి ముక్క మొత్తాన్నీ ఒకే లెక్కగా చూస్తుంది. నీడలో స్ప్రూస్ గతి ఏమిటన్నదే ప్రశ్న అయితే మొదటి పద్ధతే సరైనది.

పోటీని కొలవడానికి తేలికైన అంకె ఒకటుంది: ఈ చెట్టు కంటే లావైన చెట్లన్నిటి బేసల్ ఏరియా (కొలత ఎత్తు దగ్గర కాండం అడ్డుకోత వైశాల్యం) మొత్తం. ఒక చెట్టు బేసల్ ఏరియా కావాలంటే సెంటీమీటర్లలో వ్యాసాన్ని వర్గం చేసి 0.00007854తో గుణించాలి, చదరపు మీటర్లలో వస్తుంది. 11.28 మీటర్ల వ్యాసార్ధం ఉన్న నమూనా ప్లాటు 400 చదరపు మీటర్లు, కాబట్టి అందులో ఒక చెట్టు హెక్టారుకు 25 చెట్లతో సమానం. 30 సెంటీమీటర్ల ఆస్పెన్‌లు ఐదుంటే హెక్టారుకు 8.8 చదరపు మీటర్లు. వాటి కింద 12 సెంటీమీటర్ల స్ప్రూస్ మోసే భారం అది.

ఈ అంకెను జాతుల వారీగా విడగొట్టకపోతే మోడల్ మొదట్లోనే తప్పుతుంది. ఆస్పెన్ ఆకు రాల్చే చెట్టు. వసంతంలో ఆకు పూర్తిగా విచ్చేలోపు, శరదృతువులో ఆకు రాలాక కింది స్ప్రూస్‌కు ఎండ తగులుతుంది. పైన ఉన్నది స్ప్రూసే అయితే ఏడాది పొడుగునా నీడే. రెండింటి బేసల్ ఏరియా ఒకటే అయినా నీడ ఒకటి కాదు, అందుకే సమీకరణంలో వాటిని గుణించే అంకెలు, అంటే గుణకాలు, రెండూ వేరుగా ఉండాలి.

పెరుగుదల డేటాలో కొత్త కొలత పాతదానికంటే తక్కువ ఉన్న చెట్లు తప్పక కనిపిస్తాయి. బెరడు ఊడి ఉంటుంది, లేదా టేపు కాస్త కిందో పైనో పట్టి ఉంటారు. వాటిని మాత్రమే తీసేస్తే, ఎక్కువవైపు జరిగిన ఇలాంటి తప్పులు లోపలే ఉండిపోయి సగటు పెరుగుతుంది. లాగరిథమ్ తీసుకుంటే మైనస్ అంకెలు వాటంతటవే జారిపోతాయి. ఆ పైన, లాగ్ నుంచి వెనక్కి మార్చేటప్పుడు సవరణ వేయకపోతే సగటు తగ్గుతుంది: లాగ్ లెక్కలో మిగులు దోషం ఎంత చెదిరి ఉందో చెప్పే సిగ్మా 0.5 అయితే దాదాపు 12 శాతం. ఒకటి పైకి, ఒకటి కిందికి లాగి సగటు సరిగ్గా ఉన్నట్టు కనిపించడం అన్నిటికంటే ప్రమాదం. మైనస్ విలువల్ని ఉంచి, లాగ్ లేకుండా వంపు సమీకరణాన్నే నేరుగా డేటాకు కుదర్చడం (నాన్‌లీనియర్ ఫిట్) మేలు.

ఇక చావు. కొలతకూ కొలతకూ మధ్య కాలం ఒక ప్లాటులో 5 ఏళ్ళు, ఇంకోదాంట్లో 10. బతికే సంభావ్యతను 0, 1ల మధ్య లెక్కకట్టే మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్‌లో ఈ తేడా ఎక్కడా లేదు. ఏడాదికి బతికే సంభావ్యతను లాజిస్టిక్‌గా రాసి, దాన్ని గడిచిన ఏళ్ళ ఘాతానికి హెచ్చించి, చూసిన డేటాకు అన్నిటికంటే ఎక్కువ సంభావ్యత ఇచ్చే గుణకాలను ఎంచుకునే మాక్సిమమ్ లైక్లీహుడ్‌తో ఫిట్ చేయాలి. 5 ఏళ్ళలో నూటికి 10 చెట్లు పోతే ఏడాదికి పోయేవి 2.1 శాతం. ఆ 10 శాతాన్నే ఏడాది లెక్కగా వాడితే 5 ఏళ్ళకు మిగిలేవి 90 బదులు 59.

వ్యాసం ఒక్కటే చాలదు, దాని వర్గాన్నీ సమీకరణంలో పెట్టాలి. చిన్న చెట్లు నీడకు చస్తాయి, పెద్దవి ముసలితనానికి. వర్గం లేకుంటే లావు పెరిగేకొద్దీ చావు తగ్గుతూనే పోయి ఆస్పెన్ 150 ఏళ్ళకూ పెరుగుతూనే ఉంటుంది, కింది స్ప్రూస్‌కు ఎప్పటికీ వెలుతురు రాదు. నరికిన చెట్లనూ నంబరు రేకు ఊడి దొరకని చెట్లనూ చచ్చినవాటిలో కలపకూడదు. కాలిపోయిన ప్లాటును మామూలు చావుల నుంచి వేరుచేసి, మంటల లెక్క విడిగా చూడాలి. 2001, 2002లలో పశ్చిమ కెనడా గడ్డి మైదానాల (ప్రెయిరీ) ప్రాంతంలో వచ్చిన కరువుకు ఆస్పెన్‌లు బాగా ఎండిపోయాయి. ఆ ఏళ్ళు ఏ ప్లాటు కొలతల మధ్య పడ్డాయో గుర్తుపెట్టాలి, లేకుంటే కరువు తెచ్చిన చావు పోటీ ఖాతాలో పడుతుంది.

కోడులో చెట్టును యాదృచ్ఛికంగా చంపనక్కర్లేదు. ప్లాటులో ఒక చెట్టు హెక్టారుకు 25 చెట్లకు లెక్క కదా, ఆ 25ను ఏడాదికి బతికే సంభావ్యత 0.979తో గుణిస్తే 24.5 అవుతుంది, అంతే. ఏడాది మొదట్లో ఉన్న స్థితితోనే అన్ని చెట్ల పోటీ, పెరుగుదల, చావు లెక్కకట్టి, ఆ తర్వాత అన్నిటినీ ఒకేసారి మార్చాలి. వరసగా ఒక్కో చెట్టునూ మారుస్తూ పోతే జాబితాలో ముందున్న చెట్టుకూ వెనకున్న చెట్టుకూ వేర్వేరు అడవి కనిపిస్తుంది. ఫైలు వరస మార్చి మళ్ళీ నడిపితే అదే ఫలితం రావాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు.

నేల సారాన్ని కొలిచే సైట్ ఇండెక్స్ అంటే, 1.3 మీటర్ల దగ్గర 50 ఏళ్ళ వయసు వచ్చేసరికి పై వరస చెట్టుకున్న ఎత్తు. నీడలో నలిగిన స్ప్రూస్ నుంచి తీసుకుంటే మంచి నేల కూడా చవుడులా కనిపిస్తుంది. ఆస్పెన్ నుంచి తీసుకుంటే నయం, కానీ పాత ఆస్పెన్‌లకు లోపలి చేవ తరచుగా కుళ్ళి ఉంటుంది, వయసు చెప్పే వలయాలు లెక్కకు అందవు.

మోడల్‌ను పరీక్షించేటప్పుడు డేటా వరసల్ని యాదృచ్ఛికంగా రెండు భాగాలు చేసి, ఒకదానితో ఫిట్ చేసి రెండోదానితో పరీక్షించడం మాదాపూర్ అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. ఒకే ప్లాటు చెట్లు రెండు వైపులా పడి పరీక్ష తేలికైపోతుంది. ప్లాట్లకు ప్లాట్లే పక్కన పెట్టాలి.

ఇదే చట్రాన్ని మన టేకు, నల్లమద్ది అడవులకు వాడాలనుకుంటే గుణకాలు మోసుకురావద్దు. టేకు ఆకు రాల్చే కాలంలో మన నేలలో తడి ఉండదు, కింది చెట్టుకు ఎండ దొరికినా ఎదిగే వీలు తక్కువ. కొలత ఎత్తు కూడా వేరు: కెనడాలో 1.3 మీటర్లు, మన దగ్గర 1.37. మన సిబ్బంది ఎక్కువగా రాసేది చుట్టుకొలత, దాన్ని 3.1416తో భాగించాలి. అన్నిటికంటే ముందు, చెట్టుకు నంబరు రేకు కొట్టి, టేపు పట్టేచోట రంగు వలయం వేసి, అక్కడే కనీసం మూడుసార్లు కొలిచిన ప్లాట్లు కావాలి. రెండు కొలతలతో దొరికేది ఒక్క విరామమే, అందులో కరువు పడిందంటే దాన్ని పోల్చి చూడటానికి మరొకటి ఉండదు.