కంచె పక్కన కుర్చీలు

ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్‌కు ఉత్తరాన సుమారు పాతిక మైళ్ళ దూరంలో, డెలవేర్ అనే చిన్న ఊరు ఉంది. ఏటా సెప్టెంబరులో అక్కడ జరిగే కౌంటీ ఫెయిర్ మన తిరునాళ్ళకు ఏమాత్రం తీసిపోదు. పశువుల ప్రదర్శనలు, రంగులరాట్నాలు, నూనెలో వేగే తీపి పిండివంటలు, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో ప్రకటనలు, అన్నీ ఉంటాయి. ఆ మైదానంలోనే అర మైలు చుట్టుకొలత గల పందెపు ట్రాక్ ఒకటి ఉంది. లేబర్ డే (అమెరికాలో సెప్టెంబరు మొదటి సోమవారం) తర్వాత వచ్చే మూడవ గురువారం నాడు దాని మీద ‘లిటిల్ బ్రౌన్ జగ్’ అనే పందెం జరుగుతుంది. మూడేళ్ళ గుర్రాలు రెండు చక్రాల తేలికపాటి బండ్లను లాగుతూ పరుగెత్తే ఈ పందేన్ని 1946లో మొదలుపెట్టారు. పందేనికి వారాల ముందే జనం తమ మడత కుర్చీలను తెచ్చి ట్రాక్ కంచె పొడవునా వరుసగా పెట్టి, గొలుసులతోనో టేపుతోనో కట్టి వెళ్ళిపోతారు. ఆ కుర్చీల జోలికి ఎవరూ పోరు. మా ఇంటికి అరగంట ప్రయాణంలో ఇంత జరుగుతున్నా, ఈ దేశానికి వచ్చిన చాలా ఏళ్ళ దాకా నాకు దాని సంగతే తెలియదు.

హార్నెస్ రేసింగ్ అనే ఈ ఆటను మలక్‌పేట రేస్‌కోర్సులో మనం చూసే పందేలతో కలిపి చూడకూడదు. ఇక్కడ గుర్రం మీద జాకీ ఉండడు. వెనుక ‘సల్కీ’ అనే బండిలో కాళ్ళు చాపుకుని డ్రైవర్ కూర్చుంటాడు. గుర్రం దౌడు తీయకూడదు. ట్రాటింగ్ గుర్రం ఎదురెదురు మూలల కాళ్ళను జంటగా వేస్తే, పేసింగ్ గుర్రం కుడివైపు కాళ్ళు రెండూ ఒకసారి, ఎడమవైపు కాళ్ళు రెండూ ఒకసారి వేస్తుంది. ఆ నడక చెడి గుర్రం దౌడులోకి పడితే డ్రైవర్ పగ్గాలు లాగి, అది మళ్ళీ తన నడకకు వచ్చేదాకా వెనకబడి తీరాలి. నిర్ణీత కాలంలో మైలు దూరాన్ని పూర్తిచేయగలగడమే ప్రమాణంగా 1879లో రూపొందిన జాతి కాబట్టి ఈ గుర్రాలకు స్టాండర్డ్‌బ్రెడ్ అనే పేరు వచ్చింది.

రెండేళ్ళ క్రితం సెలవుల్లో వేరే రాష్ట్రానికి వెళ్ళినప్పుడు, క్యాసినోతో కలిసి ఉన్న ఒక ట్రాక్‌ను చూడడానికి ఒక సాయంత్రం వెళ్ళాను. డెలవేర్‌లో చూసినవారే ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు అక్కడా ఉన్నారు, గుర్రాలూ మంచివే, బహుమతి సొమ్ము కూడా తక్కువేమీ కాదు. ప్రేక్షకులు కూర్చునే స్టాండులో మాత్రం నాతో కలిపి ముప్పై మందిమి కూడా లేము. క్యాసినో హాలులో యంత్రాల ముందు ఖాళీ కుర్చీ దొరకడం కష్టంగా ఉంది గానీ, వాటి ముందు కూర్చున్నవారిలో ఒక్కరైనా తల తిప్పి కిటికీలోంచి ట్రాక్ వైపు చూసినట్టు నాకు కనబడలేదు. కార్యక్రమ పట్టిక కావాలని అడిగితే, కౌంటరులోని అమ్మాయి దానికోసం సొరుగులన్నీ వెతకవలసి వచ్చింది. ఆటకు జనం ఎందుకు తగ్గిపోయారన్న ప్రశ్న కంటే, జనం రావాలని అసలు ఎవరికి అవసరం ఉందన్న ప్రశ్న ముందు అడగాలని నాకు ఆ సాయంత్రమే అనిపించింది.

ఈ ఆట ఒకసారి చావు తప్పించుకుని బయటపడింది. మోటారు కార్లు వచ్చి, ఇంటి గుర్రం బండి కనుమరుగైన తర్వాత, హార్నెస్ పందేలు పల్లెటూరి సంతలకే పరిమితమయ్యే దశకు చేరాయి. ఆ సమయంలో జార్జ్ మోర్టన్ లెవీ అనే న్యాయవాది న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో రూజ్వెల్ట్ రేస్‌వే అనే ట్రాక్‌ను పట్టుకుని, 1940 సెప్టెంబరులో విద్యుద్దీపాల వెలుగులో రాత్రి పందేలు మొదలుపెట్టాడు. పగలంతా ఉద్యోగం చేసుకునే మనిషి సాయంత్రం రాగలిగే వేళను ఎంచుకోవడం ఆయన చేసిన మొదటి తెలివైన పని. రెండవది ఆరంభాన్ని బాగుచేయడం. అప్పటిదాకా గుర్రాలన్నీ ఒకే వరుసలోకి వచ్చేవరకు పదేపదే వెనక్కి పిలుస్తూ ఉండడం వల్ల ఒక్కొక్క పందెం మొదలవడానికే చాలా సేపు పట్టేది. చూసేవారి ఓపిక నశించేది. 1946లో రెక్కల్లాంటి గేట్లు బిగించిన కారు ఒకటి గుర్రాల ముందు పరుగెత్తి, గీత దగ్గర రెక్కలు ముడుచుకుని తప్పుకునే పద్ధతి అక్కడ అమలులోకి వచ్చింది. ఇప్పటికీ ప్రతి ట్రాక్ మీదా కనిపించే ఆ కారు ప్రేక్షకుడి విసుగును తీర్చడానికి పుట్టిందని మరచిపోకూడదు.

ఇక 1959లో ఆ ట్రాక్‌కు వచ్చిన ఫ్రెంచి గుర్రం జామిన్ కథ నాకు ఎంతో ఇష్టం. ఆ గుర్రానికి ఆర్టిచోక్ అనే కాయగూర తినే అలవాటు ఉంది. దానికోసం తెచ్చిన ఆర్టిచోకులను అమెరికా కస్టమ్స్ వారు లోపలికి రానివ్వలేదు. ట్రాక్ ప్రచారకర్త జోయ్ గోల్డ్‌స్టీన్ ఆ సంగతిని పత్రికల్లోకి ఎక్కించి, గుర్రం పస్తులుంటోంది, ఆర్టిచోకులు ఇప్పించండని వేడుకున్నాడు. అవి కాలిఫోర్నియా నుంచి దిగాయి, గుర్రం తిన్నది, పందెం గెలిచింది. ఆ మరుసటి ఏడాది అదే అంతర్జాతీయ పందేనికి యాభై వేల మందికి పైగా వచ్చారు. ఒక జంతువుకు పేరు, రుచి, ఆకలి ఉన్నాయని జనానికి చెప్పగలిగితే, దాన్ని చూడడానికి వాళ్ళే నడిచి వస్తారు.

తర్వాత జరిగినదాన్ని ఒక్క కారణానికి అంటగట్టలేము. 1971లో న్యూయార్క్ నగరంలో ట్రాక్ బయట పందెం కాసే దుకాణాలు తెరుచుకున్నాయి; 1976లో నది అవతల న్యూజెర్సీలో మెడోలాండ్స్ అనే సరికొత్త మైలు ట్రాక్ వచ్చింది; 1988లో రూజ్వెల్ట్ మూతపడింది. ఆస్ట్రేలియాలోనూ ఇదే వరస. 1960లో ఇంటర్ డొమినియన్ అనే పెద్ద హార్నెస్ పోటీ ఫైనల్‌కు యాభై వేల మందిని చూసిన సిడ్నీలోని హెరాల్డ్ పార్క్ 2010లో ఆఖరి పందెం నడిపింది; ఇప్పుడు ఆ నేల మీద అపార్టుమెంట్లు ఉన్నాయి.

మూతపడకుండా మిగిలిన ట్రాకులను ఉత్తర అమెరికాలో చాలాచోట్ల కాపాడింది క్యాసినో యంత్రాలు. యంత్రాల ఆదాయంలో కొంత భాగం గుర్రాల బహుమతి సొమ్ముకు చేరాలన్న నియమం వల్ల పెంపకందారులు, శిక్షకులు, డ్రైవర్లు బతికారు. అందుకు వారిని తప్పుపట్టను. కానీ బహుమతి సొమ్ము ప్రేక్షకుడి జేబు నుంచి రావడం ఆగిపోయిన రోజునే స్టాండు ఊడ్చేవాడికి కూడా పని తగ్గిపోయింది. కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో 1998 నుంచి ఇలాంటి ఏర్పాటు ద్వారా ఏటా సుమారు 34.5 కోట్ల కెనడా డాలర్లు రేసు పరిశ్రమకు అందేవి. 2012లో ప్రభుత్వం ఆ ఏర్పాటును రద్దుచేస్తున్నట్లు ప్రకటించి, 2013లో నిలిపివేసినప్పుడు పెంపకందారులు విలవిలలాడారు. స్టాండులు నిండుగా ఉండి ఉంటే ఏ మంత్రీ అంత తేలికగా ఆ సంతకం పెట్టేవాడు కాదని నా అభిప్రాయం. ఖాళీ బెంచీలు ఓటు వేయవు కదా.

న్యూజెర్సీ అనుభవం కొంత వేరు. అక్కడ రాష్ట్రం ఆసరా తీసివేశాక, 2011లో జెఫ్ గురాల్ అనే వ్యాపారి మెడోలాండ్స్‌ను లీజుకు తీసుకుని, 2013లో పాత బ్రహ్మాండమైన స్టాండును వదిలిపెట్టి, ట్రాక్‌కు ఎదురు వైపున చాలా చిన్న కొత్త స్టాండును కట్టించాడు. నలభై వేల మందికి కట్టిన చోట రెండు వేల మంది కూర్చుంటే చావు ఇల్లులా ఉంటుంది. అదే రెండు వేల మంది చిన్న స్టాండులో ఉంటే సందడిగా ఉంటుంది. ఎడిసన్ వైపు ఉండే మా బంధువులు ఆగస్టులో అక్కడ జరిగే హాంబుల్‌టోనియన్ అనే పెద్ద ట్రాటింగ్ పందేనికి ఒకసారి వెళ్ళి, పందెం మాట మరచిపోయి, పైకప్పు మీది నుంచి కనిపించే మన్‌హాటన్ గురించే వారం రోజులు చెప్పారు. అదీ ఒక రాబడే. 2018 జులైలో అక్కడ ఇతర క్రీడల పందేల కౌంటర్లు కూడా తెరిచారు గానీ, ఫుట్‌బాల్ మీద డబ్బు కాయడానికి వచ్చినవాడు గుర్రాన్ని చూస్తాడన్న ఆశ నాకు పెద్దగా లేదు.

నిజంగా జనం నిండే చోట్లను వరుసగా చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో నవంబరు రెండవ మంగళవారం నాటి కప్ రోజున జనం కొత్త బట్టలు కట్టుకుని ఆడింగ్టన్ ట్రాక్‌కు వస్తారు. స్వీడన్‌లో మే నెల చివరి ఆదివారం సోల్‌వాలా ట్రాక్‌లో జరిగే ఎలిట్‌లోపెట్ అనే పందెంలో, గెలవాలంటే గుర్రం ఒకే రోజున రెండుసార్లు పరుగెత్తాలి. కెనడా తూర్పు తీరంలోని షార్లెట్‌టౌన్‌లో ఆగస్టు ఉత్సవాల చివరి శనివారం, అర్ధరాత్రి కావస్తుండగా, గోల్డ్ కప్ అండ్ సాసర్ పందెం జరుగుతుంది. వీటిలో ఏదీ రోజూ దొరికేది కాదు. ఏటా ఒక్కసారి వస్తుంది, ఊరంతటికీ తేదీ కంఠతా ఉంటుంది, ఎవరి కుర్చీ ఎక్కడో తెలుసు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలకు మా తాతగారు చిన్నప్పుడు తీసుకువెళ్ళినప్పుడు చుట్టూ నిలబడ్డవారికి గిత్తల పేర్లు, వాటి యజమానుల ఊళ్ళు నోటికి వచ్చేవి. ఏడాదికి రెండు వందల రాత్రులు ఆ పోటీలు పెడితే ఆయన కూడా ఇంట్లోనే పడుకునేవారు.

కాబట్టి ట్రాక్ యాజమాన్యాలు ప్రతి రాత్రీ స్టాండు నింపాలన్న ఆలోచన మానుకుని, ఏడాదిలో పది రోజులను ఎంచుకుని వాటి మీదే డబ్బు, శ్రద్ధ పెట్టాలని నేను అంటాను. మిగిలిన రాత్రులు తెర మీద చూసి పందెం కాసేవారికి వదిలేయవచ్చు; వాళ్ళు ఎలాగూ రారు. ఆ పది రోజుల్లో మాత్రం ప్రకటించిన సమయానికి పందెం మొదలుకావాలి. పందెం సొమ్ము ఇంకొంచెం పోగవుతుందని, గడియారం సున్నా చూపించాక కూడా అయిదారు నిమిషాలు గుర్రాలను తిప్పుతూ ఉండడం ఇక్కడి చెడ్డ అలవాటు. రెండు నిమిషాలు కూడా పట్టని పందెం కోసం అరగంట కూర్చున్న పిల్లవాడు మళ్ళీ రాడు.

డ్రైవర్ల విషయంలో ఈ ఆటకు చేతిలోనే ఒక నిధి ఉంది. మామూలు గుర్రపు పందేల్లో జాకీ యజమాని రంగులు వేసుకుంటే, ఇక్కడ డ్రైవర్ తన సొంత రంగులే జీవితాంతం వేసుకుంటాడు. ఒహాయోకు చెందిన డేవిడ్ మిల్లర్ ఊదా రంగును డెలవేర్ కంచె దగ్గర కూర్చున్నవాళ్ళు మలుపు అవతలి నుంచే గుర్తుపడతారు. గుర్రం రెండు మూడేళ్ళలో పెంపకానికి వెళ్ళిపోతుంది. డ్రైవర్ మాత్రం ముప్పై ఏళ్ళు ఉంటాడు. అయినా ఆ రంగులతో పిల్లలకు ఒక టోపీ అమ్మే దుకాణం నాకు ఏ ట్రాక్‌లోనూ కనబడలేదు.

నమ్మకం సంగతి కూడా చెప్పాలి. 2020 మార్చిలో న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు, గుర్రాలకు నిషిద్ధ మందులు ఇచ్చారంటూ, హార్నెస్ పందేలు, జాకీలు స్వారీ చేసే మామూలు పందేలు రెండింటికీ చెందిన శిక్షకులు, పశువైద్యులు తదితరులు ఇరవై మందికి పైగా అభియోగాలు మోపారు. జంతువుకు మంచి జరుగుతోందో లేదో తెలియని చోటికి నేను మా అమ్మాయిని తీసుకువెళ్ళను. పందెం ముగిశాక గుర్రశాలల దగ్గరకు జనాన్ని రానిచ్చి, చెమటలు కారుతున్న గుర్రాన్ని కడిగి, నడిపించి, చల్లబరచడం చూపించడమే దీనికి నాకు తోచిన జవాబు. డెలవేర్ ఫెయిర్‌లో గుర్రాలకు దగ్గరగా మసలే వీలు ఉండబట్టే మా అమ్మాయి పేసింగ్ గుర్రాల కాళ్ళకు కట్టే పట్టీలు ఎందుకో అడిగి తెలుసుకుంది.

డెలవేర్‌కూ చిక్కులు లేకపోలేదు. అర మైలు ట్రాక్ మీద మలుపులు ఇరుకు. బయటి వరుస నుంచి బయలుదేరిన గుర్రానికి గెలవడం కష్టం. పైగా ఒకే మధ్యాహ్నం రెండుసార్లు పరుగెత్తాలి. అందుకని మంచి గుర్రాల యజమానులు కొందరు, మైలు ట్రాక్ మీద వేగం చూపించుకుంటే చాలనుకుని, ఇక్కడికి రావడం మానేస్తున్నారు. కిందటిసారి నా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయనను ఈ సంగతి అడిగాను. ఏ గుర్రం రాలేదో తనకు తెలియదనీ, తన తండ్రి కుర్చీ వేసిన చోటే తానూ కుర్చీ వేస్తున్నాననీ చెప్పి, రెండవ పందేనికి గుర్రాలు బయటికి వస్తున్నాయని కంచె మీదికి వంగాడు.