తలుపు దగ్గరి కల్వం

మూడు నెలల కాంట్రాక్టు మీద ఫార్మసిస్టుగా హైదా గ్వాయ్ దీవులకు వచ్చాను. కెనడా పడమటి తీరంలోని ప్రిన్స్ రూపర్ట్ నుంచి ఫెర్రీలో ఏడెనిమిది గంటల ప్రయాణం. మధ్యలో హెకేట్ జలసంధి. లోతు తక్కువ, గాలి ఎక్కువ. తుఫాను పట్టిందంటే ఫెర్రీ రాదు, మందుల పెట్టెలూ రావు. ఆ రోజుల్లో నా పనిలో సగం క్షమాపణలు చెప్పడమే.

ఇక్కడి మూలవాసులైన హైదాలు పెద్దావిడలను నాన్నీ అంటారు, అంటే అమ్మమ్మ. తాతను చిన్నీ అంటారు. తెల్లజుట్టు పెద్దమనిషిని చిన్నీ అని పిలవడానికి నా తెలుగు నోరు వారం రోజులు మొరాయించింది.

ఒక నాన్నీ షుగరు మాత్రలకు వచ్చేవారు. డెవిల్స్ క్లబ్ అనే ముళ్ల మొక్క లోపలి బెరడు ఇక్కడి పాత మందు. ఆ కషాయం తాగుతున్నారా అని అడగక తప్పదు. “తాగుతాను. ఎలా కాస్తానో మాత్రం చెప్పను” అన్నారు. మా మందుల షాపులో అలంకారానికి పెట్టిన, మందులు నూరే పింగాణీ కల్వాన్ని చూసి నవ్వి, ఇక్కడి స్కిడెగేట్ ఊళ్లోని మ్యూజియానికి వెళ్లమన్నారు.

ఆదివారం వెళ్లాను. హైదాలు మట్టికుండలు చేయలేదు. దేవదారు పలకను ఆవిరి పట్టించి పెట్టెలా వంచి, అందులో నీళ్లు పోసి, నిప్పుల్లో కాల్చిన రాళ్లు వేసి చేపలు ఉడికించేవారు. ఇంట్లో రాతి రోలు, నూరుడు రాయి ఉండేవి. రాయిని రాయితోనే చిన్న దెబ్బలు కొట్టి, అరగదీసి చేసిన పనిముట్లు.

నన్ను కదలనివ్వనిది పొగాకు రోలు. తోటల్లో పెంచిన పొగాకును ఎండబెట్టి, రోట్లో దంచి, కాల్చిన గుల్లల సున్నం కలిపి బుగ్గన పెట్టుకునేవారట. ఓడలవాళ్లు తమ పొగాకు తెచ్చి అమ్మాక, 19వ శతాబ్దంలో ఆ మొక్కే కనుమరుగైంది. సున్నపు క్షారానికి నికోటిన్ త్వరగా విడుదలవుతుందని నేను కాలేజీలో చదువుకున్నాను. తెనాలిలో మా తాతయ్య ఏ కాలేజీకీ వెళ్లకుండానే అరచేతిలో పొగాకు, గుల్లసున్నం వేసి బొటనవేలితో నలిపేవారు. ఆయన నాటువైద్యులు కూడా. నల్లరాతి కల్వంలో శొంఠి నూరుతుంటే ఆ చప్పుడుకి మేము లేచేవాళ్లం.

మరుసటి వారం నాన్నీకి ఈ సంగతి చెప్పాను.

“ఆ కల్వం ఇప్పుడు ఎక్కడుంది?”

“మా అన్నయ్య ఇంట్లో. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు.”

“అద్దాల పెట్టెలో లేదుగా, నయం” అని, మాత్రలు సంచిలో వేసుకుని వెళ్లిపోయారు.

ఆ రాత్రి అన్నయ్యకు ఫోను చేసి, తలుపుకి వేరే రాయి చూడమన్నాను.